పొట్టిదాని రెండు బొమ్మలు

నమోదు 1

ఈ రోజు ఎవరో లైటరు నొక్కారు.

పళ్ళెం గదిలో గీతలు గీసే సూది ఒక్కసారిగా కాగితం అంచు దాకా ఎగిరింది. కాసేపటికి మళ్ళీ ఎగిరింది. మూడోసారి ఎగిరేసరికి హుసేనమ్మ అవ్వ కళ్ళజోడు తీసి నా వంక చూసింది. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలను వినే ఆ పళ్ళేనికి ఆమె పెద్ద. నేను చప్పుడు కాపలావాణ్ణి.

మూగకొండ మీద చప్పుడు అంటే చెవికి వినిపించేది కాదు. ఇక్కడ డప్పు కొట్టుకోవచ్చు, గొంతు చించుకుని పోట్లాడుకోవచ్చు. పళ్ళేనికి వినిపించేదే చప్పుడు. సెల్లు, పెట్రోలు బండి, టక్కుమని నిప్పురవ్వ రాల్చే గ్యాసు లైటరు, ఇవన్నీ చప్పుళ్ళే. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలు ఎంత సన్నవంటే, ఒక్క వంటింటి రవ్వ చాలు వాటిని మింగెయ్యడానికి.

చప్పుడు ఎటు నుంచి వస్తోందో చూపే చేతి వలయం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. వలయం ముల్లు చివరికి మా ఇంటి వైపే చూపించింది.

"మీ బావ తెచ్చిచ్చినాడు," అంది అమ్మ, తప్పేమీ లేనట్టు. "అగ్గిపుల్లలు చెమ్మగిల్లినాయి. పొయ్యి ముందర కూర్చోని నేను ఏడ్చల్లా?"

"వాళ్ళ చీకటిమిట్టలో చెల్లుతుంది. ఇక్కడ చెల్లదని బావకు తెలీదా?"

"తెలుసు. కాగితం చుట్టి, దాచి పెట్టి ఇచ్చినాడు." లైటరు నా చేతిలో పెట్టి, ఇంకో మాట కూడా అప్పుడే పెట్టింది. "చౌడికి ఏడో నెలంట. పురిటికి ఈడికి రాదంట."

చౌడమ్మ మా అక్క. ఎదురు కొండ చీకటిమిట్టకు చెందిన సుంకన్నను చేసుకుంది. అక్కడ ఫోను ఉంది కాబట్టి ఫోనులో డాక్టరమ్మ ఉంది. మా కొండ మీద ఏదీ లేదు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని అమ్మ పాత చీరలన్నీ ఉతికి, బొంతలు కుట్టి పెట్టుకుంది. ఆ బొంతల మీదే కూర్చుని ఈ మాట చెప్పింది.

నమోదులో చప్పుళ్ళ సంగతి మాత్రమే రాయమని అవ్వ ఆదేశం. నేను మిగతావి కూడా రాస్తాను. కారణం చెప్పని ఆదేశాన్ని పాటించనక్కర్లేదని ఒక కరపత్రంలో చదివాను. పట్నాల నుంచి టీ పొట్లాలతో పాటు వచ్చే కరపత్రాలే నా బడి.

నమోదు 2

మేము వింటున్నది ఒక గెలాక్సీని. దానికి అంకెలతో కూడిన పొడుగాటి పేరుంది గానీ, కొండ మీద అందరూ పొట్టిది అంటారు.

ఇలాంటి గెలాక్సీల నడుమ ఒక బ్లాక్‌హోల్ కూర్చుని రెండు పక్కలకూ రెండు ధారలు చిమ్ముతుంటుంది. ధారల చివర రెండు గడ్డలు వెలుగుతాయి, కంటికి కాదు, పళ్ళేనికి. మామూలు వాటిలో ఆ గడ్డలు గెలాక్సీని ఎప్పుడో దాటి, దాని వెడల్పుకు పదింతల దూరం పోయి ఉంటాయి. పొట్టిదానిలో రెండు గడ్డలూ గెలాక్సీ కడుపులోనే ఉన్నాయి.

ఎందుకని అవ్వను అడిగాను.

"రెండే మాటలుండాయి," అంది. "ఒకటి, అది లేతది. ధారలు ఇప్పుడిప్పుడే బయల్దేరినాయి. రెండోది, అది ముసల్దే. సుట్టూ గ్యాసు మందంగా ఉండి, ముందుకు పోనీకుండా అదిమి పెట్టినాది."

"రెండిట్లో ఏది నిజం?"

"తెలిస్తే నేనింకా ఈడెందుకుంటానప్పా. ఎప్పుడో పోయి మనవళ్ళను ఎత్తుకోని తిరుగుదును."

నాకు తెలుసు. రెండోదే నిజం. పెరగాల్సింది పెరగకుండా ఉండిపోయిందంటే ఎవరో అణచి ఉండాలి. నేను చదివిన ప్రతి కరపత్రమూ అదే చెబుతుంది. మా సంగతే తీసుకోండి. జొన్న కోతలయ్యాక కొండ మీద చేతులెత్తుతారు. మౌనం కట్టుబాటును తరానికోసారి అలా కొనసాగిస్తారు. ఈసారి మా తరం కూడా ఎత్తుతుంది. కట్టుబాటు వదులుకుంటే సెల్లు టవరు వేస్తామని, టవరుతో పాటు ఆసుపత్రి కూడా పెడతామని పట్నాల మండలి కబురు పంపింది. ఓబులేసూ నేనూ కుర్రవాళ్ళందరినీ టవరు పక్షానికి కూడగడుతున్నాం. పగలంతా చప్పుడు పట్టుకుని, సాయంత్రం చప్పుడు కావాలని ఉపన్యాసం ఇస్తున్నావేమని అమ్మ అడిగింది. ఉద్యోగం వేరు, అభిప్రాయం వేరు అని చెప్పాను.

కానీ గ్యాసు మాకు కనబడదు. గడ్డలే వినబడతాయి. గ్యాసు వెలుగును చూసేది చీకటిమిట్టవాళ్ళ దుర్భిణి. అందుకే వాళ్ళు పొద్దుగూకితే దీపం పెట్టరు, ఫోను మీద కూడా ఎర్రగుడ్డ కప్పుతారు. పొట్టిదాన్ని వాళ్ళు మసకది అంటారు.

ఒకరి కన్ను మరొకరి చెవిని పాడుచేయకూడదని పాతకాలం పెద్దలు ఒక నియమం పెట్టారు. ఎవరి బొమ్మ వాళ్ళు తీసి ముగించేదాకా రెండు కొండల మధ్య దాని గురించి మాట ఉండకూడదు. ఫోను తీగ కూడా వేసుకోలేదు. బొమ్మలు రెండూ పూర్తయ్యాక ఒక పగటిపూట నడిమి కొట్టంలో వాటిని ఒకదాని మీద ఒకటి పెడతారు. దాన్ని జత రోజు అంటారు.

ఎల్లుండే జత రోజు. నిద్ర పట్టడం లేదు. గ్యాసు ఎక్కడ నిలబడి పొట్టిదాన్ని నొక్కుతోందో చూడాలి.

నమోదు 3

నడిమి కొట్టం కప్పుకు పెద్ద అద్దం ఉంది. ఎండ నేరుగా బల్ల మీద పడుతుంది. దీపమూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. రెండు కొండలవాళ్ళకూ తప్పుపట్టడానికి ఏమీ మిగలని చోటు అదొక్కటే.

"ఏం బామ్మర్దీ," అన్నాడు సుంకన్న బావ, నన్ను చూస్తూనే. "చెవులు కడుక్కోని వచ్చినావా?"

"నువ్వు ముందు కళ్ళు తుడుచుకో బావా. మా ఇంట్లో లైటరు మర్చిపోయినావు."

"మర్చిపోలేదు. నీకు పని లేక సోమరివైపోతాండావని మీ అక్క బాధపడింది."

మా బొమ్మ తీయడానికి మా పళ్ళెం ఒక్కటే చాలదు. చంద్రుడి అవతలి పక్కనున్న పళ్ళెం కూడా అదే సమయానికి విని, ఆ టేపులు ఇక్కడికి చేరితే, రెండూ కలిపి ఒక ఫిల్ము గీస్తారు. బావవాళ్ళదీ అదే కొలతకు పెంచిన ఫిల్మే. ప్రతి ఫిల్ములోనూ అన్నిటికన్నా ఎక్కువగా వెలిగే చోట ఎర్రసిరాతో బొట్టు పెడతారు. జత రోజున బొట్టు మీద బొట్టు వచ్చేలా రెండింటినీ పరుస్తారు. తాతల నాటి నుంచి అంతే.

మా ఫిల్ములో రెండు గడ్డలు. తూర్పు గడ్డది ఎక్కువ వెలుగు, బొట్టు దానికే. రెండిటినీ కలుపుతూ సన్నటి ధార జాడ, దాని మధ్య దుమ్ము పడినట్టు ఒక నలుసు. బావవాళ్ళ ఫిల్ములో నడుమ బాగా వెలిగే గుండ్రటి భాగం, దాని మీద బొట్టు. అక్కడి నుంచి తూర్పుకొకటి, పడమరకొకటి, గ్యాసు తోకలు రెండు.

అవ్వ ఫిల్ములు పరిచింది. బొట్టు మీద బొట్టు పడింది.

అందరం వంగి చూశాం. మా తూర్పు గడ్డ సరిగ్గా గెలాక్సీ నడిమధ్య కూర్చుంది. పడమటి గడ్డ ఆ పక్క తోకను దాటి బయట పడింది. తూర్పు తోక దగ్గర మాత్రం మాది ఏదీ లేదు. గ్యాసు ఉంది, ధార లేదు.

"తూర్పు ధారను గడప దాటనీలేదు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "ఆ పక్క గ్యాసు దాన్ని పుట్టిన చోటే నొక్కేసింది. ఒక చెయ్యి విరగ్గొట్టారు."

"ఎవరప్పా విరగ్గొట్టింది?" అన్నాడు బావ.

"గ్యాసు."

"గ్యాసుకు పార్టీ ఉందా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఫిల్ముల నకళ్ళు రెండు కొండలకూ పంచారు. నా వంతు నకళ్ళు రెండూ చొక్కాలో పెట్టుకుని ఇంటిదాకా పరుగెత్తాను.

నమోదు 4

కరపత్రం రాశాను. పేరు: పొట్టిదాని గొంతు నొక్కిందెవరు?

గెలాక్సీతో మొదలుపెట్టి మూగకొండతో ముగించాను. ఆకాశంలో ఒక ధారను ఎలా పుట్టిన చోటే నొక్కేశారో, కొండ మీద ఒక తరం నోటిని ఎలా కుట్టేశారో, రెండూ పక్కపక్కన పెట్టాను. ఓబులేసు సైక్లోస్టైలు తిప్పుతూ ప్రతి పేరా గట్టిగా చదివాడు. "ఇది చదివితే రాయి కూడా చెయ్యెత్తుతాది," అన్నాడు.

అమ్మ కూడా చదివింది. ఆమెకు చదవడం కష్టం, వేలు పెట్టుకుని చదువుతుంది.

"ఇది చుక్క గురించా, మన గురించా?"

"రెండూ ఒకటే అమ్మా."

"ఆ చుక్క వచ్చి మనకు చెయ్యెత్తుతాదా?" అని, కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. డబ్బా ఒరుగుతోందట.

నమోదు 5

చప్పుడు లేదు.

నమోదు 6

చప్పుడు లేదు. నా తలలో తప్ప.

ఫిల్ములు రెండూ కిటికీకి అతికించి చూస్తున్నాను. తూర్పు తోక వెలుగుతోంది. గ్యాసు ఊరికే వెలగదు, దేనితోనైనా దెబ్బ తగిలితేనే వెలుగుతుంది. ధార అటువైపు అడుగే పెట్టకపోతే ఆ తోకను వెలిగించిందెవరు?

ఈ ప్రశ్న పొద్దున పళ్ళు తోముకుంటుంటే వచ్చింది. పొద్దుగూకినా పోలేదు.

నమోదు 7

అవ్వ దగ్గరకు పోయి అడిగాను.

"మనమెప్పుడూ బొట్టు మీద బొట్టే పెడతాం," అంది. "నాకు ముందరోళ్ళూ అట్లే పెట్టినారు."

"మనకు ఎక్కువగా వినిపించే చోటూ, వాళ్ళకు ఎక్కువగా కనిపించే చోటూ ఒకటే అని ఎవరు చెప్పినారు? ఎప్పుడూ పెట్టినారని ఇప్పుడూ పెట్టాలా? ఇదేనా మీ సైన్సు?"

ఇంకా చాలా అన్నాను. బల్ల మీద గుద్దితే సూది కూడా ఎగిరింది. ఆ చప్పుడును నేనే నమోదు చేయాలి: ఒకటి, కారణం నా పిడికిలి.

"అరిస్తే చుక్కలు జరగవు," అంది అవ్వ. "నీ దగ్గర ఫిల్ముండాది, మీ బావకు వాళ్ళ బొమ్మ బాగా తెల్సు. పోయి ఇద్దరూ కూర్చోండి."

"మాట్లాడుకోకూడదు గదా?"

"బొమ్మలు ముగిసేదాకా వద్దన్నారు. జత అయినాక గూడా వద్దని యాడుంది?" కళ్ళజోడు తుడుచుకుంది. "ఎవరూ పోలేదు, అంతే. నేనూ పోలేదు."

నమోదు 8

అమ్మ అక్కకు చలిమిడి చేసి, ఆకులో చుట్టి ఇచ్చింది. అది క్యారియరులో, ఫిల్ములు చొక్కాలో పెట్టుకుని సైకిలెక్కాను.

అక్క అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఏరా మద్దీ, ఇట్ల చిక్కిపోయినావు," అని అడిగి, నా జవాబు వినకుండానే చలిమిడి నోట్లో వేసుకుంది. అంతలో ఆమె పక్కనున్న ఫోను మోగింది. నా చెయ్యి దానంతటదే నడుము దగ్గర వలయం కోసం తడుముకుంది. అక్క పగలబడి నవ్వింది.

ఫోనులోంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. బిడ్డ తిరుగుతోందా, కాళ్ళ వాపు తగ్గిందా, ఉప్పు మానేశావా అని అడుగుతోంది. పక్క గదిలో ఉన్నట్టే ఉంది. ఆమె వంద మైళ్ళ అవతల ఉందట.

"ఈ గొంతు వినకుంటే నాకు ధైర్యం చాలదురా," అంది అక్క, ఫోను పెట్టేసి. "అమ్మ దగ్గరికి రావాలనే ఉండాది. ఆడ ఈమె ఉండదు గదా."

టవరు గురించి నేనిచ్చే ఉపన్యాసాలన్నిటికన్నా ఆ ఒక్క మాట బలమైనది.

పొద్దు వాలకముందే బావ కిటికీ దగ్గర చాప వేశాడు. నా సందేహం చెప్పాను. వెక్కిరిస్తాడనుకున్నాను గానీ, గడ్డం గోక్కుంటూ తూర్పు తోక మీద వేలు పెట్టాడు.

"ఇదే నాకూ కుదరడంల్యా. రంగులు విడదీసి చూసినాం. ఈ తోకలో గ్యాసు ఊరికే లేదు, పరుగెత్తుతాంది. నడుమ నుంచి బయటికి. ఎవడో తరుముతాండాడు."

"తరిమేవాడు అక్కడ లేడు."

"ఉండాల మరి."

ఇద్దరం ఫిల్ముల వంక చూస్తూ కూర్చున్నాం. అప్పుడు నా కన్ను మా ఫిల్ము అంచుల మీద పడింది. పొట్టిదానికి దూరంగా, మూలల్లో నాలుగు చిన్న చుక్కలున్నాయి. వేరే గెలాక్సీలు. వాటిని ఎవరూ పట్టించుకోరు, బొట్టు పెట్టే అర్హత లేనివి.

"బావా, మీ బొమ్మ అంచుల్లో ఏమన్నా ఉన్నాయా?"

"ఉంటాయి, మసక మసకగా." వెతికాడు. ఒకటి దొరికింది. ఇంకోటి. మొత్తం నాలుగూ ఉన్నాయి, కానీ మా చుక్కల మీద లేవు. అన్నీ ఒకే వైపుకు, ఒకే దూరం జరిగి ఉన్నాయి.

పైన ఉన్న మా ఫిల్మును వేలితో మెల్లగా తూర్పుకు నెట్టాను. నాలుగు చుక్కలూ నాలుగు మసకల మీద ఒకేసారి కూర్చున్నాయి. బొట్లు రెండూ విడిపోయాయి.

మా ఫిల్ములో అందరూ దుమ్మనుకున్న నలుసు వచ్చి గెలాక్సీ నడిమధ్య, వాళ్ళ బొట్టు మీద కూర్చుంది. అసలైన నడుమ అదే. బ్లాక్‌హోల్ ఉన్నది అక్కడ. మాకు అది సన్నగా వినిపిస్తుంది కాబట్టి ఇన్నాళ్ళూ లెక్కలోకి తీసుకోలేదు. తూర్పు గడ్డ పోయి తూర్పు తోక కొసన నిలబడింది. పడమటి గడ్డ పడమటి తోక కొసన. తోకలు ఎక్కడ వంకర తిరిగాయో, మా ధారల జాడ కూడా అక్కడే వంకర తిరిగింది. గడ్డలను దాటాక గ్యాసు వెలుగు లేదు.

"ఇద్దరమూ ఒకే దారిని చూస్తాండాం," అన్నాడు బావ. "ధార తోసుకుంటా పోయింది. అది పోయిన దారిలో గ్యాసు వెలిగింది."

"అయితే ఎవరూ నొక్కలేదు."

"నొక్కడమా? అదే గ్యాసును పక్కకు నెట్టి పోతాంది. ఎవరి గొంతూ నొక్కలేదు బామ్మర్దీ. అది లేతది, అట్లనే ఉంది చూస్తే."

అప్పుడే చీకటి గంట కొట్టారు. ఊరంతా ఒక్కసారిగా దీపాలార్పారు. ఆ చీకట్లో కూర్చుని జేబులోంచి నా కరపత్రం తీసి చించాను.

"ఏంది ఆ చప్పుడు?"

"నా కరపత్రం."

"మెల్లగా చించు, మీ అక్క నడుం వాల్చింది." ఫిల్ములు చుట్టి నా చేతికిస్తూ మళ్ళీ అన్నాడు. "ఇంకోటి చెప్పనా? ఆ వెలుగు మనదాకా రావడానికి వంద కోట్ల ఏండ్లు పట్టింది. మనం లేతదంటాండాం గానీ, అది ఈపాటికి ముసల్దై మునిమనవరాళ్ళను ఆడిస్తాంటాది."

కోపంలో కూడా నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు నిద్ర రాలేదు. నా కరపత్రం అబద్ధమైందన్న బాధ ఒక పక్క. ఆ ధార ఇంకా ఎంత దూరం పోతుందో అన్న కుతూహలం ఇంకో పక్క. రెండోదే పెద్దదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

నమోదు 9

ఓబులేసుకు చెప్పాను. అతను ఫిల్ముల వంక చూడనే లేదు.

"చేతులెత్తేదాకా నోరు మూసుకో," అన్నాడు. "ఆ తర్వాత ఎంత నిజమన్నా చెప్పు."

"నోరు మూయించడం మీదే గదా మన పోరాటం."

"అదేమో పెద్ద పోరాటం. ఇది చిన్న పని."

అతని కాలరు పట్టుకున్నాను. తర్వాత వదిలేశాను. చప్పుడు లేదు.

నమోదు 10

సాయంత్రం పళ్ళెం ముందరి బయలులో కొండంతా కూడింది. మా కొండకు దీపాలకు కరువు లేదు కాబట్టి పండగలా ఉంది.

ఓబులేసు లేచి నా కరపత్రమే చదవడం మొదలుపెట్టాడు. గొంతు నొక్కిందెవరు అన్న చోటికి వచ్చేసరికి నేను లేచాను.

"అది రాసింది నేను. అది తప్పు."

"ఏం తప్పు? అచ్చుతప్పా?" అన్నాడు ఓబులేసు. నవ్వులు.

అద్దం మీద ఫిల్ములు పరిచి, వెనక దీపం పెట్టి చూపించాను. ముందు బొట్టు మీద బొట్టు పెట్టాను. తర్వాత అంచు చుక్కలు కుదిరేలా జరిపాను. గడ్డలు తోకల కొసలకు పోతుంటే ముందు వరుసలోవాళ్ళు మెడలు చాచారు. వెనకున్నవాళ్ళు, కూర్చోండప్పా అని అరిచారు.

"అంటే లేతదా?" అని అడిగింది అమ్మ.

"అనుకుంటాండాం. ఖాయంగా తెలీదు."

"ఖాయంగా తెలియాలంటే?"

నాకు లోకంలో అన్నిటికన్నా అసహ్యమైన మాట ఆ జవాబులో ఉంది. ప్రతి కరపత్రమూ ఆ మాటను తిడుతుంది. నా బదులు హుసేనమ్మ అవ్వ చెప్పింది.

"ఆగల్ల. ఇరవై ఏండ్లాగి మళ్ళా తీయల్ల. గడ్డలు రెండూ దూరం జరిగుంటే లేతది. యాడివాడనే ఉంటే, మద్దిలేటి ముందు చెప్పిందే నిజం. టవరొస్తే మాత్రం పళ్ళెం చెవిటిదైతాది. ఇంక తీసేది ఉండదు."

"మద్దీ," అన్నాడు ఓబులేసు. ఈసారి వెక్కిరింపు లేదు. "మీ అక్క సంగతేంది?"

బయలంతా నా వంక చూసింది. అమ్మ మాత్రం చూడలేదు.

"అక్క ఆడే కంటాది," అన్నాను. "నేను టవరు వద్దనడంల్యా. ఆసుపత్రి కోసం అడగండి, ఫోను కోసం అడగండి. రెండూ న్యాయమే. పొట్టిదాన్ని మాత్రం సాక్ష్యానికి పిలవొద్దు. అది మన పక్షం గాదు. దాని పని అది చేసుకుంటాంది."

అప్పుడు అమ్మ లేచి నిలబడింది. సభలో ఆమె మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.

"గాలిలో మాట వద్దు, సరే. భూమిలో తీగ పూడిస్తే మీ పళ్ళేనికేం నొప్పి?"

"లోతుగా పూడిస్తే ఏమీ లేదు," అంది అవ్వ.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు పూడ్చలేదు?"

"రెండు కొండలూ మాట్లాడుకోకూడదని."

"మాట్లాడుకోకనే గదా బొట్టు తప్పు పెట్టినారు."

బయలులో నవ్వు ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకింది.

చేతులెత్తే వేళ వచ్చింది. కట్టుబాటు ఉండాలి, తీగ వేయాలి అన్నప్పుడు చేతులు లేచాయి. నావైపు కుర్రవాళ్ళలో సగం మంది చేతులు కిందే ఉన్నాయి. నాది కూడా కాసేపు కిందే ఉంది. ఎందుకు ఎత్తాలో ఏ కరపత్రంలోనూ లేదు. నాకు చూడాలనుంది. గడ్డలు జరుగుతాయో లేదో నాకు చూడాలనుంది. ఎత్తాను.

కట్టుబాటు నిలబడింది.

ఇంటికి నడుస్తూ అమ్మను అడిగాను, నువ్వెందుకు ఎత్తావని.

"టవరు పెట్టినాక మళ్ళా పీకరు. నా బిడ్డ దగ్గరికి నేను నడిచి పోగలను." ఇల్లు చేరగానే బొంతలు మూట కట్టడం మొదలుపెట్టింది. "తీగ ఈ కాన్పుకు అందదు. తర్వాతోళ్ళకు అందుతాది. తవ్వేది నువ్వే."

నమోదు 11

తవ్వుతున్నాను. మూరెడు మట్టి, ఆ కింద రాయి. అరచేతులు పొక్కులెక్కాయి. అమ్మ చీకటిమిట్ట చేరి చాలా రోజులైంది. అటువైపు నుంచి బావవాళ్ళు తవ్వుకుంటూ వస్తున్నారట.

ఓబులేసు మూడు రోజులు దూరం నుంచి చూశాడు. నాలుగో రోజు గడ్డపార తెచ్చుకున్నాడు.

"నేనింకా టవరు పక్షమే," అన్నాడు.

"సరే."

"ఇరవై ఏండ్లకు మళ్ళా చెయ్యెత్తుతా, టవరుకు."

"అప్పటికి బొమ్మ తీసి పెట్టి ఉంటాను. ఆ తర్వాత ఎత్తు." ఆ మాటకు వాడు నా కాలి మీదికి మట్టి తోశాడు. గొడవ కాలేదు.

ఒక సంగతి తోచింది. ధార ముందుకు పోవడానికి తిట్టడం అవసరం లేదు, ఆగకుండా తోయడం అవసరం. ఇది కరపత్రంలా ఉంది. పొట్టిదాన్ని మళ్ళీ సాక్ష్యానికి పిలుస్తున్నాను. కొట్టేస్తున్నాను.

నమోదు 12

మధ్యాహ్నం చీకటిమిట్ట మీద అద్దం తళుక్కుమంది. పగటిపూట కబురుకు రెండు కొండలకూ మిగిలింది అద్దమే. రెండుసార్లు మెరిస్తే ఆడపిల్ల. రెండుసార్లు మెరిసింది. గడ్డపార అక్కడే పడేశాను.

సైకిలు గొలుసు దారిలో ఊడింది. నేను చేరేసరికి చీకటి గంట కొట్టేశారు. ఇంట్లో ఎవరి ముఖం ఎవరికీ కనబడదు. తడుముకుంటూ గడప దాటుతుంటే లోపలి నుంచి ఏడుపు వినిపించింది.

ఎంత గొంతు. గోడలు అదిరాయి. వీధి చివరికి కూడా వినబడి ఉంటుంది.

"అక్క ఎట్లుంది?"

"నిద్రపోతాంది. బాగుంది," అంది అమ్మ గొంతు. "డాక్టరమ్మ మొత్తం ఫోనులోనే చెప్పింది. నువ్వు ఆ పక్క కూర్చో, కాలు కింద పెట్టేటప్పుడు చూసుకో."

"బామ్మర్దీ," బావ గొంతు ఇంకో మూల నుంచి వచ్చింది. "నువ్వు చెవులోడివి గదా. చూడకుండా చెప్పు, ఎట్లుంటాది నా కూతురు?"

ఇంకో ఏడుపు వచ్చేదాకా ఆగి, శ్రద్ధగా విన్నాను. "బొద్దుగా ఉంటుంది. పెద్ద పిల్ల. చేతులు కాళ్ళు గట్టివి."

"పొద్దున చూస్తాం," అన్నాడు బావ. అతను పగలే చూశాడు కాబట్టి ఆ గొంతులో నవ్వు తెలుస్తోంది.

గోడకానుకుని కూర్చున్నాను. ఒక చోట అమ్మ ఊపిరి, ఒక చోట అక్క ఊపిరి, వాటి మధ్య ఆ కొత్త ఊపిరి. మొబ్బు చీకటి విడిచి కిటికీ తెల్లబడింది. ముందు బొంత కనిపించింది. మా ఇంట్లో కుట్టిన బొంత. దాని మధ్యలో పిడికెడంత ముఖం.

"అమ్మా," అన్నాను. "ఆ గొంతు దీనిదేనా? ఇంత పొట్టిదేంది?"

అమ్మ రాత్రంతా మేలుకుని ఉంది. బొంత అంచు సర్దుతూ, నా వంక చూడకుండానే చెప్పింది.

"పొట్టిది గాదురా. కొత్తది."

పొడవు: నా జానతో రెండు జానలు, రెండు వేళ్ళు. మళ్ళీ కొలవాలి.